లెడ్డు గట్టిపడేదాకా

పోయిన నెల పందికొక్కు నా గిటారు పెట్టెను కొరికేసింది. పెట్టె అంటే గిటారును దాచుకునేది కాదు. గిటారు వాయిస్తే ఆ శబ్దం బయటికి వచ్చే స్పీకర్ల పెట్టె. నాలుగు స్పీకర్లు, నడుము దాకా ఎత్తు, కదపాలంటే ఇద్దరు కావాలి. నా బుద్ధి గడ్డి తిని దాన్ని వానాకాలమంతా చెరకు తోటలోని మోటారు గదిలో ఉంచాను. వెనక చెక్క సందులోంచి దూరిన ఆ దొంగది ఒక స్పీకరు కాగితాన్ని అప్పడం తిన్నట్టు తినేసి పోయింది.

దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను గానీ, నాకు మనసులో మెదిలింది స్పీకరు కాదు, ఆ పెట్టె చేసిన మనిషి. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఉండుంటే పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, నా మొహం చూసి, "నేను పెట్టె చేసిచ్చింది నీకా, పందికొక్కుకా?" అని అడిగేవాడు. అడిగి, నా జవాబు వినకుండానే మరలు విప్పడం మొదలుపెట్టేవాడు.

తిరుత్తణి చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో వాయించే మా అందరికీ ఆయన మామ. నాకు చుట్టమేమీ కాదు. ఆయన్ని మామా అంటాను, ఆయన చెల్లెల్ని అక్కా అంటాను, ఆమె భర్తను అన్నా అంటాను. ఈ వరసలు కలపబోతే తల తిరుగుతుంది. మా పక్క ఎవరూ అంత పట్టింపు చూడరు. నోటికి ఏది వస్తే అదే చుట్టరికం.

అరక్కోణం రోడ్డులో ఆయన అంగడి. ముందు సగం కొయ్యపని, వెనక సగం వైర్ల పని. మనిషి పొడుగు, ఎముకల గూడు. చెవి మీద పెన్సిలు, నుదుట విబూది, చొక్కా జేబులో సోల్డరింగుకు వాడే లెడ్డు చుట్ట. కుడిచేతి వేళ్ళ కొసలు కాలి కాలి గవ్వల్లా నున్నగా అయిపోయి ఉండేవి. సంగీతం సంగతి అడక్కండి. ఒక పాటకూ ఇంకో పాటకూ తేడా తెలిసేది కాదు. నేను గిటారు వాయిస్తుంటే చెవి పెట్టడు, పెట్టె వెనక అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. కాసేపయ్యాక చెయ్యి తీసి, "బాగుండాది" అంటాడు. నేను అపస్వరం వాయించినా బాగుండాదే. పెట్టె అదరకుండా ఉంటే చాలు, ఆయనకు అది కచేరీ.

ఆయన్ని తలచుకుంటే మొదట కనిపించేది వేలు. స్పీకరు వెనక చెవుల్లాంటి రెండు చిన్న రేకులుంటాయి. వాటికి వైరు కలపాలి. ఎడమచేత్తో వైరు పట్టుకుని, కాగిన సోల్డరింగు ఐరనుతో లెడ్డు కరిగించి, ఐరను పక్కన పెట్టేవాడు. పెట్టీ పెట్టగానే కుడిచేతి చూపుడువేలు పైకి లేచేది. "సుమ్మనుండండబ్బా!" అనేవాడు. సుమ్మనుండు అంటే ఊరికే ఉండు, నోరు మూసుకో అని. ఇక అంగడిలో ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. కరిగిన లెడ్డు గట్టిపడేదాకా అందరం రాళ్ళమే. ఒకసారి గృహప్రవేశానికి పిలవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "మన ఇంట్లో శుక్రవారం..." అంటూ నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. పొగ సన్నగా పైకి పోయింది, లెడ్డు మెరిసింది, వేలు దిగింది. "ఆఁ, శుక్రవారం?" అన్నాడు మామ. పాపం ఆ పెద్దమనిషికి తన ఇంట్లో ఏం కార్యమో కూడా గుర్తు రాలేదు.

"మా మాటలకు వైరు కదుల్తుందా మామా?" అని అడిగాను ఒకసారి.

"మీ మాటకు వైరు కదల్దురా. మీ మాటకు నేను కదుల్తాను" అన్నాడు.

గట్టిపడేటప్పుడు కదిలితే లెడ్డు మసకేస్తుందట. మసకేసిందంటే ఆ అతుకు పైకి బాగానే ఉంటుంది గానీ లోపల పట్టు ఉండదు. అలాంటిదాన్ని ఆయన మళ్ళీ కరిగించి మొదటినుంచీ చేసేవాడు. వేడి తగ్గాలని ఎవరైనా ఉఫ్ అని ఊదితే కొట్టినంత పని చేసేవాడు.

ఆయన బావ, అంటే చెల్లెలి భర్త, అప్పట్లో అదే అంగడిలో పని. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు. పొట్టిగా, చురుగ్గా, నవ్వుమొహం. మామది సోల్డరింగు అయితే ఈయనది క్లిప్పు. వైరు కొసకు చిన్న ఇత్తడి క్లిప్పు బిగించి, దాన్ని స్పీకరు రేకుకు తోసేస్తే పని అయిపోతుంది. పీకాలంటే పీకొచ్చు. ఐరను అక్కర్లేదు, లెడ్డు అక్కర్లేదు. దీని మీద వాళ్ళిద్దరి వాదన పొద్దున అంగడి తెరవగానే మొదలయ్యేది.

"ఇదేమన్నా గుడ్డలారేసే క్లిప్పా బావా, తగిలిచ్చి పెట్టేదానికి? బండి అదిరితే వదులవతాది. వదులయితే గరగర. గరగరంటే ఎవుర్ని తిడతారు? నన్ను."

"ఆడికృత్తిక తిరనాళ్ళ పొద్దు కొండ కింద, బండి మింద స్పీకరు పోయిందనుకో. కరెంటు యాడ తెస్తావు? నీ ఐరను కాగేలోపల కావిళ్ళు కొండెక్కి దిగొస్తాయి. క్లిప్పయితే పీకు, పెట్టు, అయిపాయ."

"క్లిప్పంటే బస్సులో నిలబడి పొయ్యేది బావా. సోల్డరింగంటే సీట్లో కూర్చునేది."

"సీట్లో కూర్చున్నోడు దిగాలంటే అందుర్నీ లేపాల గదా బావా!"

మేం నవ్వి చచ్చేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఇద్దరిదీ నిజమే. ఊరూరూ తిరిగే పెట్టెకు క్లిప్పే మేలు. ఒకచోట ఉండే పెట్టెకు సోల్డరింగు మేలు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ మాకంటే బాగా తెలుసు. అయినా ఒప్పుకుంటే రేపు పొద్దున మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

మధ్యాహ్నం అక్క క్యారియరు తెచ్చేది. మామ భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లల్లేరు. ఆయనకు ఇల్లంటే ఈ చెల్లెలే. వీధి చివర ఉన్న తన ఇంట్లో వండి, మొగుడికీ అన్నకూ ఒకేసారి వడ్డించేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మామ, "ఉప్పు తక్కువ" అనేవాడు. ఏ రోజైనా అదే మాట. అని, గిన్నె అడుగు కూడా వదలకుండా తినేవాడు. "నీ నాలుకకు సముద్రం తెచ్చి పోసినా తక్కువే అన్నా" అని అక్క తిట్టేది. ఆ తిట్టు తినకపోతే ఆయనకు అరిగేది కాదనుకుంటాను.

నా పెట్టె చేయించుకున్నప్పుడు మామ ఎందుకో మెత్తబడ్డాడు. "సరే బావా, ఈ ఒక్కదానికి నీ క్లిప్పులే పెట్టు, సూస్తాం" అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది. పని దాదాపు అయ్యేసరికి ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లు ముట్టుకోకూడదు కాబట్టి, క్లిప్పులు తగిలించకుండా వైర్లను అలాగే వేలాడదీసి పూజ చేశారు. మరుసటి పొద్దున బావ చెయ్యి లోపలికి పెట్టి, తడిమి, క్లిప్పులన్నీ తోసేశాడు. కళ్ళు మూసుకుని తగిలించగలనని ఆయనకు గొప్ప. ఆ సాయంత్రమే వెంగల్‌లో పెళ్ళి రిసెప్షను. మామకూ దూరపు బంధువులే, అందుకే అందరం వెళ్ళాం.

మొదటి పాటకు ముందు నా గిటారు ఒక్కటే మోగాలి. మోగింది. మోగి, గరగరమంది. ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఈలలు వేశారు. పెళ్ళికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. బావ పరిగెత్తుకుంటూ వచ్చి పెట్టెను ఇటు తట్టాడు, అటు తట్టాడు. చెమటలు కారిపోతున్నాయి ఆయనకు. మామ స్టేజీ ఎక్కాడు. నేను దగ్గరే ఉన్నాను, ఆపి ఉండొచ్చేమో, నాకేం తెలుసు ఆ నోట్లోంచి ఏం రాబోతోందో? మా పక్క ఒక పద్ధతి ఉంది, ఇంట్లో తెలుగు, బయట తమిళం. వాళ్ళిద్దరూ తెలుగులో పోట్లాడుకుంటే అది ఇంటి సంగతి. ఆ రోజు మామ తమిళంలో అరిచాడు, పందిట్లో అందరికీ అర్థం కావాలని. పని రానివాడికి పిల్లనిచ్చి మా నాయన తప్పు చేశాడు అన్నాడు.

ఆడవాళ్ళ వరసలో అక్క కూర్చుని ఉంది.

బావ పెట్టెను తట్టడం మానేసి స్టేజీ దిగిపోయాడు. మేం పాత పెట్టె ఒకటి తెప్పించి ఎలాగో కచేరీ ముగించాం. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన తిరువళ్ళూరులో సొంతంగా అంగడి పెట్టుకున్నాడు. సామాన్లు బండికెక్కిస్తూ నాతో అన్నాడు, "ఆ మాట ఆయనే వచ్చి ఎనక్కి తీసుకోవాల. అంతదాకా ఆ ఇంటి గడప మేం తొక్కేది లేదు, నేను గానీ, ఆయమ్మ గానీ." అక్క బండి పక్కన ముంత పట్టుకుని నిలబడింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పెట్టెను మామే మళ్ళీ విప్పి, క్లిప్పులన్నీ పీకేసి, సోల్డరింగు చేసి నాకిచ్చాడు. ఆ రోజు ఆయన గెలిచిన మొహంతో ఉంటాడనుకున్నాను. లేదు. వేలు ఎత్తలేదు, సుమ్మనుండమనలేదు. అంగడిలో మాట్లాడటానికి ఎవరున్నారు గనక?

తర్వాత ఏళ్ళు అలాగే పోయాయి. ఆయన మెస్సులో తినేవాడు. నేను చాలాసార్లు ఎదురుగా కూర్చుని తిన్నాను. ఉప్పు తక్కువని ఒక్కసారీ అనలేదు, నిజంగా తక్కువైన రోజు కూడా. తిరువళ్ళూరు మీదుగా వస్తే అక్క నాచేత ఊరగాయ సీసా పంపేది. "నేనిచ్చినానని చెప్పొద్దు, అన్నకు తెలుస్తుందిలే" అనేది. ఆయన మూత తీసి, వేలితో అద్దుకుని నాలుకకు రాసుకుని, "ఉప్పు తక్కువ" అనేవాడు. ఊరగాయలో! అలా అన్న రోజు అంగడి ముందుగానే మూసేసేవాడు. ఒక్క మాటకు ఇంత దూరమా అని ఆయన మీద కోపం వచ్చేది, బావ మీద ఇంకా కోపం వచ్చేది.

పోయిన ఏడాది ఎండాకాలంలో మామ ఉన్నట్టుండి, "తిరువళ్ళూరు దాకా పోయొస్తాం, నువ్వూ రా" అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులో లెడ్డు చుట్ట లేదు. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు బయటికి చూశాడు. అరక్కోణం దాటాక నావైపు తిరిగాడు.

"అబ్బయ్యా, ఆ క్లిప్పుల తప్పు లేదురా."

"ఏ క్లిప్పులు మామా?"

"నీ పెట్టెవే. వెంగల్ పెండ్లివి. ఆయుధపూజ పొద్దు నేను అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టుకుంటా వచ్చినాను గదా. నీ పెట్టె ముందర గుడ్డ కొత్తది, మరకవతాదని ఎనక లోపల పెట్టినాను. ఆ చెవుల మింద. ప్రాణముండేది ఆడనే గదా అని, ఒక్కో చెవికీ నిండా పెట్టినాను. ఎప్పుడూ అట్లే పెడతాను నేను. సోల్డరింగు మింద చందనం పెడితే ఏమైతాది? ఏమీ కాదు. ఇది క్లిప్పు పెట్టెనే గుర్తు లేకపాయ నాకు. తెల్లారి అది ఎండి గట్టిగా అయింటాది. ఆయప్ప తడుముకోని దాని మిందనే క్లిప్పు తోసినాడు. యాడ పట్టుకుంటాది అది? నేను తరవాత విప్పితే ఎనిమిది చెవులకూ పసుప్పచ్చగా నా చందనమే."

"అప్పుడే చెప్పుంటే పోయేది గదా మామా" అన్నాను.

"చెప్పాలనే ఉండె. ఇయ్యాల, రేపు అని. మాట పెద్దదైపోయిండె గదా. కొంచెం సల్లారనీ, అప్పుడు చెప్దాం అనుకున్నా. ఈ పొద్దు చెప్పేస్తాను. చెప్పి, చెల్లెల్ని ఇంటికి రమ్మంటాను."

బావ అంగడి స్టేషనుకు దగ్గరే. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో పూల కర్టెను. మేం వెళ్ళేసరికి ఆయన ఒక పెట్టెకు క్లిప్పులు బిగిస్తున్నాడు. తలెత్తి చూశాడు. చేతిలో పటకారు అలాగే ఉండిపోయింది. "రా బావా, కూర్చో" అన్నాడు. కర్టెను వెనకనుంచి అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి అన్న చేతికిచ్చింది. ఆయన నీళ్ళు తాగాడు. చెంబు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

ఆయన బల్లమీది క్లిప్పు ఒకటి తీసి, వెలుతురుకు పెట్టి చూసి, "ఇంకా ఇదేనా?" అన్నాడు.

"ఇదే" అన్నాడు బావ.

"ఇత్తడి కూడా పలచబడిపాయ గదా ఇప్పుడు."

"పలచబడినా పట్టు తగ్గలే. నువ్వింకా ఆ లెడ్డు పొగే పీలుస్తాండావా?"

ఇక చూడండి. బస్సులో నిలబడేవాడు వచ్చాడు, సీట్లో కూర్చునేవాడు వచ్చాడు, ఆడికృత్తిక వచ్చింది, కావిళ్ళు వచ్చాయి. ఇద్దరూ గొంతులు చించుకున్నారు, అంతా తెలుగులోనే. మామ బల్ల చరిచాడు, బావ పటకారు ఊపాడు. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నవాళ్ళు విస్తరి ముందు కూర్చున్నట్టున్నారు. కర్టెను సందులోంచి అక్క చూస్తోంది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అంతా సర్దుకుందనుకుంది పాపం. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని మామ మొహమే చూస్తున్నాను. ఆయన గడియారం చూసి లేచాడు. "బండికి టైమాయ" అన్నాడు.

"అన్నా, అన్నం తినిపో! కూర అయిపోయింది, ఒక్క నిమిషం" అని అక్క లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది.

"మళ్ళా వస్తాను లేమ్మా" అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద నేను ఊరుకోలేదు. ఏం మామా, దేనికొచ్చాం మనం, అని గట్టిగానే అడిగాను. ఆయన బెంచీ మీద కూర్చుని కాలిన వేళ్ళ కొసలు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "మాట ఈడిదాకా వచ్చిందిరా" అని గొంతు చూపించాడు. "బావను సూస్తే మళ్ళా పాతట్లే ఉండె. ఆ మాట ఎత్తి చెల్లెలి నవ్వు చెడగొట్టేదెందుకని అనిపించె. ఈసారి వచ్చినప్పుడు మొదట అదే చెప్తాను."

ఆ ఈసారి రానే లేదు. దీపావళి పోయిన కొద్ది రోజులకు, పొద్దున మెస్సుకు రాలేదని చూడబోతే, ఇంట్లో మంచం మీద అలాగే ఉన్నాడు. గుండె ఆగిందన్నారు.

అక్క ఆ గడప తొక్కింది ఆ రోజు. తలాపున కూర్చుని ఏడవలేదు, తిట్టింది. "ఉప్పు తక్కువైందని ఒక్క మాట చెప్పి పంపలేకపోతివా? నడిచి వచ్చింటాను గదా!" అంది. అందరూ ఏడ్చాం. బావ పాడె మోశాడు. ఆ గుంపులో చందనం మాట ఎక్కడ ఎత్తేది? కార్యాలన్నీ అయ్యాక ఇంట్లోంచి ఏం కావాలో తీసుకో అంటే, అక్క ఆయన సోల్డరింగు ఐరను ఒక్కటే తీసుకుంది. దాని పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది, చెమటకు నల్లబడిపోయి.

ఇప్పుడు ఈ పందికొక్కు పుణ్యమా అని, పెట్టెను టెంపోలో వేసుకుని తిరువళ్ళూరు వెళ్ళాను. ఇంకెవరి దగ్గరికి వెళ్తాను? బావ వెనక చెక్క విప్పి లోపలికి తొంగిచూశాడు.

"ఏమి లెడ్డు పోసినాడ్రా సామీ! కొండ కట్టిపెట్టినాడు" అన్నాడు. అని, చాలాసేపు చూస్తూనే ఉన్నాడు. తర్వాత లేచి, అలమరలోంచి మామ ఐరను తెచ్చి ప్లగ్గు పెట్టాడు.

"క్లిప్పు పెట్టెయ్ అన్నా, తొందరగా అయిపోతుంది" అన్నాను.

"ఇది ఆయన పెట్టె" అన్నాడు.

పాత అతుకు కరిగించి, చెడిపోయిన స్పీకరు తీసి, కొత్తది బిగించాడు. వైరు పట్టుకున్నాడు. లెడ్డు కరిగింది. ఆ పొగ వాసన ముక్కుకు తగలగానే నేను ఇక ఆగలేకపోయాను. రైల్లో విన్న మాట నా గుండెల మీద రాయిలా ఉంది అప్పటినుంచీ.

"అన్నా, వెంగల్ పెండ్లి పొద్దు ఆ క్లిప్పుల్లో..."

ఆయన ఐరను పక్కన పెట్టాడు. కుడిచేతి చూపుడువేలు పైకి లేచింది.

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. పొగ సన్నగా పైకి పోయింది. లెడ్డు మెరిసింది. ఆయన వేలు దించాడు గానీ నావైపు చూడలేదు.

"చందనం. అంతే గదా?" అన్నాడు.

"నీకు తెలుసా!"

"వెంగల్లోనే తెలుసు. జనం పోయినాక చెయ్యి లోపల పెట్టి ఒక క్లిప్పు పీకి సూస్తి. యేలికి పచ్చగా అంటుకునె. వాసన సూస్తి. చందనం లోపల పెట్టేది ఆయన కాక ఇంకెవురు?"

"మరి ఆయనకు చెప్పాల్సింది గదా?"

"నేను చెప్తే ఏమైతాది? ఆయన నోరు మూసుకుంటాడు, అంతే. ఆయనే సూసుకోవాల, ఆయనే రావాల అనుకుంటి. పీకిన క్లిప్పును మళ్ళా అట్లే తగిలిచ్చి పెడితిని, సూసుకోనీ అని. వచ్చినాడు గదా పోయిన ఎండాకాలం? గుమ్మంలో నిలబడతానే తెలిసిపాయ నాకు, దానికే వచ్చినాడని. క్లిప్పును తిట్టడం మొదలుపెట్టినాడు. సరే, తిట్టి తిట్టి దాని కాడికే వస్తాడులే అని నేనూ వాదిస్తా ఉంటి. బండికి టైమైపాయ."

"ఏం చందనం?"

కర్టెను దగ్గర అక్క కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. బావ తల వంచుకున్నాడు. నేనే చెప్పాను, రైల్లో మామ నాకు చెప్పినట్టే, ఒక్క మాట వదలకుండా. విన్నంతసేపూ ఆమె గ్లాసులు కింద పెట్టలేదు.

"ఆ పొద్దు చందనం అరగదీసింది నేనే గదా" అంది చివరికి. "ఎప్పుడూ పలచగా తీస్తాను. చిక్కగా కావాలమ్మా, కొత్త పెట్టె ఉండాది అన్నాడు అన్న. చెయ్యి నొప్పెట్టేదాకా తీసిచ్చినా."

"నీ తప్పేముంది దాంట్లో" అన్నాడు బావ.

"ఎవురి తప్పయితే ఏమి? నాదేనని చెప్పింటాను. చందనం చిక్కగా తీసింది నేనే, నన్ను తిట్టుకోండి ఇద్దురూ, అని కూర్చోబెట్టి అన్నం పెట్టింటాను. ఆయనకు తెలుసు. నీకు తెలుసు. ఒకరి మొగం ఒకరు సూస్తా కూర్చుంటిరి. నన్ను ఒక్క మాట అడగాలని ఇద్దుర్లో ఒక్కరికీ తోచలేదు."

గొంతు పెంచలేదు ఆమె. పెంచి ఉంటే మాకు కొంచెం సులువుగా ఉండేది. గ్లాసులు బల్ల మీద పెట్టి, పెట్టె దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంది.

"యాడ పెట్టినాడు?"

"ఇప్పుడే అతికినాను, కాలతాది. ఆగు" అన్నాడు బావ.

"ఆగింది చాలు" అని అక్క చెయ్యి లోపలికి పెట్టింది. తడుముకుంటూ పోయి, వైరు కలిసిన చోట వేలు ఆనించింది. కాలే ఉంటుంది. చెయ్యి మాత్రం తీయలేదు.